గుమ్మంలో వద్దన్న టీ

మొన్న శనివారం సాయంత్రం మా వంటింట్లోంచి రొట్టె మాడిన వాసన వచ్చింది. కంగారుగా వెళ్ళి చూస్తే, టోస్టర్ పాడైందని మా అమ్మాయి బ్రెడ్ ముక్కను పటకారుతో పట్టుకుని నేరుగా గ్యాస్ మంట మీద కాలుస్తోంది. "చిల్ మమ్, ఇట్స్ జస్ట్ టోస్ట్," అంది నా మొహం చూసి. దాని స్నేహితురాలు ఒకమ్మాయి వీపున సంచీతో వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. "టీ పెడుతున్నాను, తాగుతావామ్మా?" అని అడిగాను. "నో థాంక్స్, ఆంటీ," అంది ఆ పిల్ల. అంతటితో ఆ మాట అయిపోయినట్టే. కానీ అంచులు నల్లబడి మధ్యలో మెత్తగా ఉన్న ఆ రొట్టె వాసనా, గుమ్మంలోంచి వినిపించిన ఆ "నో థాంక్సూ" రెండూ ఒకేసారి వచ్చి తగిలేసరికి, నేను చేతిలో టీ గిన్నెతో అలాగే నిలబడిపోయాను. ఆ వాసన మా కాకినాడది కాదు, ఇన్నేళ్ళుగా నేనుంటున్న ఈ సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌దీ కాదు. అది ఎలెనా ఆంటీ వంటింటిది.

నేను సిడ్నీకి వచ్చింది తొంభైఎనిమిదిలో. అప్పట్లో కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసే అలవాటుండేది. తొంభైతొమ్మిది తర్వాత సున్నా సున్నా పడితే, మళ్ళీ పందొమ్మిది వందల సంవత్సరం వచ్చిందనుకుని యంత్రాలన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. ఆ హడలే మాబోటి వాళ్ళకి అన్నం పెట్టింది. పాత ప్రోగ్రాముల్లోకి దూరి రెండంకెలు ఎక్కడున్నాయో వెతికి నాలుగంకెలు చేయడం నా ఉద్యోగం. పొద్దున రైలెక్కి నగరంలోకి వెళ్ళడం, ఎనిమిది గంటలు ఆకుపచ్చ అక్షరాలు చూడడం, సాయంత్రం రైల్లో తిరిగి రావడం. కదలకుండా కూర్చుని చేసే పని, కూర్చోవడం చేతకాని మనిషికి దొరికింది. చిన్నప్పుడు మా అమ్మ "నీ కాళ్ళకి చక్రాలున్నాయే" అనేది. భోజనం సగం నిలబడి తినేదాన్ని. ఫోను మాట్లాడుతూ గదంతా చుట్టేదాన్ని. దేశం మారితే కుదురు వస్తుందేమో అనుకున్నాను గానీ, కాళ్ళు కూడా నాతోపాటే విమానం ఎక్కాయి.

బ్లాక్‌టౌన్ స్టేషన్‌కి దగ్గర్లో ఎర్ర ఇటుకల పాత ఫ్లాట్లలో, పై అంతస్తులో నేనూ నస్రీనూ కలిసి ఉండేవాళ్ళం. నస్రీన్‌ది హైదరాబాదు, నాతోపాటే అదే ప్రాజెక్టు. చెక్క నేల. ఆఫీసు నుంచి రాగానే నేను ఆ నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకి పచార్లు మొదలుపెట్టేదాన్ని. ఒక సాయంత్రం కాళ్ళ కింద టక్ టక్ టక్ అని చప్పుడైంది. ఎవరో కింది నుంచి చీపురు కర్రతో పైకప్పుని పొడుస్తున్నారు. నేను ఆగాను, చప్పుడు ఆగింది. నడిచాను, మళ్ళీ టక్ టక్. సిగ్గుతో చచ్చిపోయి, క్షమాపణ చెప్పడానికి కిందికి దిగాను.

తలుపు తీసిన ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది, పెదాల మధ్య మూడు గుండుసూదులు. వాటిని తీసి చేతిలో పట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో, "నువ్వు నా నెత్తి మీద నడుస్తున్నావు. రోజూ. ఎక్కడికి?" అంది.

"సారీ ఆంటీ," అన్నాను. ఆవిడ కుర్చీ లాగి చూపించింది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ తెల్లటి కాలర్ల గుట్ట. ఏదో ఫ్యాక్టరీకి స్కూలు చొక్కాలు ఇంట్లోనే కుట్టి ఇస్తుందట. ఒక కాలరూ, కుట్లు విప్పే చిన్న పనిముట్టూ నా చేతిలో పెట్టింది. "కుట్టు తప్పు పడింది. విప్పు. గుడ్డ తెగకూడదు." రెండు నిమిషాల్లో గుడ్డ తెగింది. ఆవిడ తిట్టలేదు, నవ్వలేదు. తెగినదాన్ని పక్కన పడేసి రెండోది ఇచ్చింది. అది విప్పుతుండగా నా మోచేతి దగ్గర ఒక కప్పు టీ వచ్చి కూర్చుంది. పక్కనే గ్యాస్ మంట మీద రేకు జల్లెడలాంటి దానిపై కాల్చిన రొట్టె. తాగుతావా అని అడగలేదు, తింటావా అని అడగలేదు. పెట్టేసి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో టీ ఎప్పుడూ అలాగే వచ్చేది. అడిగి పోసినట్టు నాకు ఒక్కసారి కూడా గుర్తులేదు.

ఎలెనా ఆంటీది చిలీ దేశం. భర్త పోయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకున్న తర్వాత, యూనియన్‌లో తిరిగేవాడని ఆయన ఉద్యోగం తీసేశారు. ఆ పైన సిపాయిలు ఇంటికి వచ్చి వెళ్ళారు. ఆ భయంతో ఇద్దరూ ఇక్కడికి వచ్చి పడ్డారు. ఇదంతా ఆవిడ ఒక్కసారిగా చెప్పినది కాదు. కాలర్ల మధ్య, దారం అయిపోయి కొత్తది ఎక్కించుకునేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఫ్రిజ్ మీద ఒక పాత ఫోటో ఉండేది. స్కూలు దుస్తుల్లో ఇద్దరు ఆడపిల్లలు, పెద్దపిల్ల చిన్నదాని చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. "మా అక్క, ఇనేస్," అంది ఒకసారి. ఉత్తరాలు రాస్తుందా అని అడిగితే, "ఆ కత్తెర ఇటివ్వు," అంది.

స్పానిష్ నేర్పమని అడిగింది నేనే. కొత్తది ఏదో ఒకటి పట్టుకోకపోతే ఊపిరాడని మనిషిని కదా. మర్నాడే గ్రంథాలయం నుంచి వ్యాకరణ పుస్తకం తెచ్చి, నోటుబుక్కులో గళ్ళు గీసి, క్రియల పట్టికలన్నీ ఎక్కించి గర్వంగా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ తిరగేసి చూసింది. అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన గిన్నె పెట్టడానికి చోటు కనిపించక నా నోటుబుక్కు మీద పెట్టింది. ఆ అట్ట మీద గుండ్రటి మచ్చ ఇప్పటికీ ఉంది. "నీకు ముందు కూర్చోవడం రావాలి. మాటలు తర్వాత," అంది. ఆవిడ షరతు ఒక్కటే. గంటసేపు లేవకుండా కూర్చోవాలి, చేతిలో పని ఉండాలి, ఇంగ్లీషు మాట రాకూడదు. లేచానా, ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే. మొదటి వారం నాలుగు రోజులు పావుగంటకే పాఠం అయిపోయింది. నేను తప్పు మాట్లాడితే దిద్దేది కాదు. అదే మాటని తను సరిగ్గా ఇంకోసారి అని, పని చేసుకుంటూ పోయేది. దారం, సూది, ఇటివ్వు, పట్టుకో, వదులు. ఆ తర్వాత వాన, జ్వరం, భయం. అలా కాలర్లు విప్పుతూ విప్పుతూ ఒక ఏడాదిలో నాకు ఆ భాష వచ్చేసింది.

ఆవిడ నేర్పకుండా నేను నేర్చుకున్నవి రెండే రెండు మాటలు. వస్తువులు అమ్మేవాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా, అవతలివాడికి ఆ భాష అర్థమవుతుందా లేదా అని చూడకుండా, "నో, గ్రాసియాస్" అనేది. వద్దు, ధన్యవాదాలు అని. పొడిగా, ఒక్క విరుపుతో. వాడికిక ఇంకో మాట మాట్లాడే దారి ఉండేది కాదు. ఆ విరుపు నాకు తెగ నచ్చి అచ్చుగుద్దినట్టు దింపేశాను. నస్రీన్ మీద రోజూ ప్రయోగించేదాన్ని.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. లైట్లు పోలేదు, లిఫ్టులు ఆగలేదు, బ్యాంకు మునగలేదు. మేనేజరు కేకు కోయించి, అందరికీ చెయ్యి కలిపి, ఫిబ్రవరికల్లా టీమును రద్దు చేశాడు. మమ్మల్ని తెచ్చిన కంపెనీ, తర్వాతి ప్రాజెక్టు వచ్చేదాకా ఇంట్లో కూర్చోమంది. కూర్చోమనడం నాకు శిక్ష. నస్రీన్ ఇంటర్వ్యూలకు చదువుకుంటూ ఉంటే నేను కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. కింద నుంచి చీపురు కర్ర.

చిలీ దేశం పటం చూస్తే సన్నగా, పొడుగ్గా, పై నుంచి కిందికి పోతూనే ఉండేలా ఉంటుంది. ఎక్కడా ఆగక్కర్లేదు. దక్షిణాన ఒక రేవు నుంచి వారానికొక ఓడ, మంచుకొండల మధ్యగా నేల చివరిదాకా పోతుందట. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారంలోగా టికెట్లు కొనేశాను, ఆ ఓడలో బెర్తుతో సహా.

"పిచ్చా నీకు?" అంది నస్రీన్. "అందరు అమెరికా ప్రాజెక్ట్ దొరుకుతదా అని చూస్తుంటే, నువ్వు బ్యాగ్ ఏసుకుని చిలీ పోతవా? అక్కడెవరున్నరే నీకు?"

"ఎవరూ లేరు. అందుకే వెళ్తున్నానే," అన్నాను.

ఎలెనా ఆంటీకి చెప్పినప్పుడు మాత్రం మిషను ఆగిపోయింది. మర్నాటి నుంచి కాలర్లు పక్కనబెట్టి, నీలం రంగు గుడ్డతో అక్కకి ఒక జాకెట్టులాంటి చొక్కా కుట్టడం మొదలుపెట్టింది. ఎన్నడూ కుట్టు తప్పని మనిషి, దాన్ని కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. కొలతలు ఎక్కడివని అడిగితే తలని వేలితో చూపించింది. పాతికేళ్ళ కిందటి కొలతలు. "లావై ఉంటుంది. లోపల గుడ్డ వదిలాను," అంది. మన జాకెట్లకి టైలరు పక్కల్లో గుడ్డ వదిలినట్టే వదిలింది, కావాలంటే విప్పి వదులు చేసుకోవడానికి. ఏప్రిల్లో ఒకమ్మాయి వస్తుందని అక్కకి రెండు ముక్కల ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. బయల్దేరే రోజున పొట్లం నా చేతిలో పెట్టి, "ఇవ్వు. మొహం చూడు. ఎలా ఉందో వచ్చి నాకు చెప్పు," అంది. నా చెయ్యి వదలడానికి ఆవిడకి కొంచెంసేపు పట్టింది. అంతకుముందెప్పుడూ ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. అక్కాచెల్లెళ్ళ మధ్య ఏదో ఉందనీ, అది ఈ పొట్లం మీద ఆధారపడి ఉందనీ మాత్రం నాకు అర్థమైంది.

శాంటియాగోలో దిగిన మొదటి రోజు నా స్పానిష్ అంతా గాలికి పోయింది. ఎలెనా ఆంటీ భాష నాకు అర్థమవుతుంది గానీ, వీధిలో జనం సగం మాటలు మింగేసి పరుగెత్తే భాష అర్థం కాలేదు. బస్సు టికెట్ అడిగితే, కౌంటర్లో మనిషి నన్ను వింతగా చూసి, "ముసలమ్మలా మాట్లాడుతున్నావే!" అని నవ్వాడు. పాతికేళ్ళ నాటి మాటలతో, అరవై ఏళ్ళ కుట్టుపని మనిషి ధోరణిలో మాట్లాడే భారతీయురాలు వాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది! ఏ బస్సెక్కినా పక్క సీటు ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "ఒక్కదానివేనా?" ఆ తర్వాత పెళ్ళయిందా, అమ్మకి తెలుసా. కాకినాడ నుంచి రాజమండ్రి బస్సులో కూర్చున్నట్టే ఉండేది. నేను ఏ ఊళ్ళోనూ రెండో రాత్రి ఉండలేదు. కొండ మీది రంగురంగుల ఇళ్ళు చూశాను, సముద్రం చూశాను, ద్రాక్షతోటలు చూశాను. చూస్తుండగానే మనసు తర్వాతి బస్సు మీదికి పోయేది. సంచీలో నీలం పొట్లం వీపుకి తగులుతూ ఉండేది.

ఇనేస్‌గారి ఊరు చియాన్, శాంటియాగో నుంచి దక్షిణంగా అయిదు గంటల ప్రయాణం. సాయంత్రం అయిదింటికి దిగాను. ఏడున్నరకి రేవు ఊరికి బస్సు. రెండున్నర గంటలు చాలు, ఇచ్చేసి పోదామనుకున్నాను. ఎత్తు తక్కువ ఇళ్ళ వీధి, గచ్చకాయ రంగు తలుపు. తీసిన ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉంది. లావు కాలేదు. లోపల బల్ల మీద గుడ్డ పరిచి ఉంది, రెండు కప్పులు, పళ్ళెంలో రొట్టె. గ్యాస్ మంట మీద కాలిన అదే వాసన. వాళ్ళకి సాయంత్రపు టీ అంటే మనకి రాత్రి భోజనమంత, ఇంటికి వచ్చినవాళ్ళని అప్పుడే కూర్చోబెడతారు. నేను ఎవరినో చెప్పి పొట్లం ఇచ్చాను. ఆవిడ దాన్ని విప్పలేదు. రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుంది. "టీ తాగుతావా?" అని అడిగింది.

నా నోట్లోంచి వెంటనే వచ్చింది. "నో, గ్రాసియాస్. ఇప్పుడే తిన్నాను."

నిజానికి పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మా గోదావరి వాళ్ళింట్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎవరింటికైనా వెళ్ళి, అడగ్గానే ఊఁ అంటే, తిండికి మొహం వాచినట్టు అనుకుంటారని మా అమ్మ నేర్పింది. మొదటిసారి వద్దనాలి. ఇంటావిడ "అదేంటండీ, బాగుంది! కనీసం కాఫీ అయినా తాగకుండా ఎలా వెళ్తారండీ?" అనాలి. రెండోసారి కొంచెం మెత్తబడాలి. మూడోసారి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి. అప్పుడు తినాలి. మా ఊళ్ళో వద్దు అంటే ఇంకోసారి అడగండి అని. ఎలెనా ఆంటీ ఇంట్లో అడగడమే లేదు కనక, అడిగినప్పుడు ఆ దేశంలో ఏమనాలో నాకు తెలిసే అవకాశం రాలేదు.

నేను గుమ్మంలో నిలబడి రెండో పిలుపు కోసం చూశాను. ఇనేస్‌గారి మొహంలో ఏదో ఆరిపోయింది. "సరే," అంది. అంతే. ఒక నిమిషం ఇద్దరం అలాగే నిలబడ్డాం. ఆ తర్వాత నేనే వస్తానని చెప్పి వచ్చేశాను. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ తలుపు వేసుకోలేదు. ఏం మనుషులమ్మా, భూగోళానికి అవతలి వైపు నుంచి వచ్చినదాన్ని ఇంకోసారి అడగలేరా అని నాకు కోపం వచ్చింది. ఆకలితో బస్సెక్కాను.

తెల్లారేసరికి రేవు ఊళ్ళో వాన. ఆ మర్నాటి ఉదయం ఓడ. సాయంత్రం ఫోన్ బూత్‌లు ఉన్న దుకాణంలోకి వెళ్ళి సిడ్నీకి చేశాను. అక్కడ అప్పుడు పొద్దున. మొదటి గంటకే ఎలెనా ఆంటీ ఎత్తింది. ఇచ్చేశానని చెప్పాను. ఎలా ఉందని అడుగుతుందనుకున్నాను.

"టీ ఏ కప్పులో ఇచ్చింది?" అంది.

"నేను తాగలేదు, ఆంటీ."

"అడగలేదా?"

"అడిగింది. వద్దన్నాను."

"ఎలా అన్నావు?"

అన్నట్టే అని చూపించాను. ఆవిడ విరుపుతోనే. "ఎక్కడ నిలబడి?" అని అడిగింది. గుమ్మంలో అన్నాను.

అప్పుడు చెప్పింది. సిపాయిలు వచ్చి వెళ్ళిన తర్వాత, రెండు వారాలు మమ్మల్ని మీ ఇంట్లో దాచమని అక్కని అడిగిందట. అక్క సర్కారు బడిలో టీచరు. భయపడింది. ఇంట్లో చోటు లేదంది. ఊరు విడిచిపోయే రోజు సాయంత్రం మాత్రం అక్కే కబురు పెట్టి పిలిచింది. బల్ల మీద రొట్టె కాల్చి పెట్టి, టీ తాగి వెళ్ళమంది. చెల్లెలు గుమ్మం దాటలేదు. "నేను కూడా అదే అన్నాను. అక్కడే నిలబడి. అలాగే," అంది ఎలెనా ఆంటీ. "ఇరవై అయిదేళ్ళు. నేను పంపిన పిల్ల కూడా వెళ్ళి మళ్ళీ అదే అంది."

నాకు ఏడుపు వచ్చింది. "ఆంటీ, నాకు తెలీదు," అన్నాను, ఏ భాషలో అన్నానో గుర్తులేదు. ఆవిడ గొంతు మామూలుగా అయిపోయింది. "నీ తప్పు కాదు, మిహా. నువ్వు ఓడ ఎక్కు. నువ్వు వెళ్ళింది దానికోసం," అని పెట్టేసింది. మిహా అంటే నా తల్లీ అన్నట్టు.

ఆ సాయంత్రం వానలో రేవు గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. ఓడ ఎదురుగానే ఉంది, దీపాలు వెలిగించుకుని. నేను కోరుకున్నదంతా అందులో ఉంది. మంచు, నేల చివర, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని నాలుగు రోజులు. వెళ్ళిపోవచ్చు. ఆవిడే వెళ్ళమంది. నడుస్తుంటే, నా నెత్తి మీద నడుస్తున్నావు, ఎక్కడికి అని అడిగిన మొదటి రోజు మాట గుర్తొచ్చింది. అప్పుడు సారీ చెప్పి తప్పించుకున్నాను. ముందుకే తప్ప వెనక్కి టికెట్ కొనడం ఎరగని మనిషిని, మర్నాడు ఓడ కదిలే వేళకి చియాన్ బస్సులో ఉన్నాను. దారి పొడవునా నా మీద నాకే చిరాకు, ఓడ పోయిందన్న దిగులు, ఆవిడ తలుపు తీయదేమోనన్న భయం.

ఇనేస్‌గారు తలుపు తీసింది. ఈసారి నేను ఆవిడని మాట్లాడనివ్వలేదు. లోపలికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుని, "టీ పెట్టండి. నాకు బాగా ఆకలిగా ఉంది," అన్నాను. మా అమ్మ చూస్తే తల పట్టుకునేది. ఆవిడ నన్ను చూసి, వెళ్ళి మంట వెలిగించింది. బల్ల మీద అప్పుడూ రెండు కప్పులున్నాయి. నేను రానని తెలిసీ ఎందుకు పెట్టిందో అడగలేదు గానీ ఆవిడే చెప్పింది. ఉత్తరంలో ఏప్రిల్ అని ఉంది, రోజు లేదు. అందుకని ఒకటో తారీఖు నుంచి రోజూ రెండు కప్పులు పెట్టుకుంటోందట. చెయ్యి అలవాటు పడిపోయిందంది.

నీలం చొక్కా కుర్చీ వీపున వేలాడుతోంది. వేసుకుని చూశారా అని అడిగాను. భుజాల దగ్గర పట్టేసిందట. వయసుతో భుజాలు వంగాయి, ఆ సంగతి చెల్లెలికి తెలియదు. నేను కత్తెర అడిగి, చొక్కా ఒళ్ళో పెట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాను. గుడ్డ తెగకుండా, ఒక్కొక్కటే. లోపల ఆంటీ వదిలిన గుడ్డ మడత విచ్చుకుంది. ఆవిడ నా వేళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. "అది నేర్పిందా నీకు?" అంది. "మా అమ్మ దగ్గర మేమిద్దరం అలాగే నేర్చుకున్నాం. అది ఎప్పుడూ గుడ్డ చింపేది." ఆ రోజు నేను మూడు గంటలు లేవలేదు. లేవాలని అనిపించలేదు.

రెండో కప్పు పోస్తూ ఆవిడ అడిగింది. "మొన్న నీకు ఆకలి లేదా?"

ఉందని చెప్పాను. మా ఊరి మర్యాద మొత్తం చెప్పాను. మొదటిసారి వద్దనడం, రెండోసారి మెత్తబడడం, మూడోసారి చెయ్యి పట్టుకుని లాగడం, మా అమ్మ వీధి చివరిదాకా వెళ్ళి చుట్టాలని వెనక్కి తెచ్చి అన్నం పెట్టడం. ఆవిడ మొదట నమ్మలేదు, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. అది నవ్వు కాదని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"నేను ఒక్కసారే అడిగాను దాన్ని," అంది. "వద్దంది. నాకు పౌరుషం వచ్చింది. ఇంట్లో చోటివ్వలేదన్న సిగ్గు ఒకటి. ఇంకోసారి అడిగితే కూర్చునేదేమో. వీధిలోకి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాను గానీ, అడగలేదు."

చొక్కా వదులుగా మళ్ళీ కుట్టి ఇచ్చాను. వేసుకుంది. ఇప్పుడు భుజాలు ఆడాయి. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, నేను అర్థం వెతుక్కోనక్కర్లేకుండా నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది. "దానితో ఒకే మాట చెప్పు. ఇనేస్ రెండోసారి అడుగుతోందని చెప్పు."

సిడ్నీకి తిరిగి రాగానే సంచీ పైన పడేసి కిందికి పరిగెత్తాను. ఎలెనా ఆంటీ కాలర్లు కుడుతోంది. నిలబడే చెప్పబోతే కుర్చీ చూపించింది. కూర్చున్నాను. భుజాలు వంగాయని చెప్పాను, లావు కాలేదని చెప్పాను, రోజూ రెండు కప్పులు పెడుతోందని చెప్పాను. ఆఖరి మాట ఆఖరికి చెప్పాను. ఆవిడ కుడుతున్న కాలర్ని చివరిదాకా కుట్టింది. దారం కొరికింది. కాలర్ తిప్పి చూసుకుంది. కుట్టు వంకరగా పోయింది. దాన్ని నా ఒళ్ళో పడేసి, "విప్పు," అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నవంబరులో ఆవిడ చిలీ వెళ్ళింది. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. రెండు నెలలకి తిరిగొచ్చాక ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏం మాట్లాడతాం? రొట్టె ఇప్పటికీ మాడుస్తోంది," అంది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ వెళ్ళేది, ఒకసారి అక్కడే ఉండిపోయింది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఆ ఊళ్ళోనే, రెండేళ్ళ తేడాలో పోయారు. ఆ ఓడ నేను మళ్ళీ ఎక్కలేదు. నేల చివర చూడలేదన్న లోటు నాకు ఇప్పటికీ ఉంది, లేదంటే అబద్ధం. ఇప్పటికీ ఫోన్ మాట్లాడుతూ ఇల్లంతా తిరుగుతాను. కానీ మనిషి ఎదురుగా ఉండి మాట్లాడుతుంటే కూర్చుంటాను, చేతికి ఏదో ఒక పని ఇచ్చుకుని, చెప్పేది అయ్యేదాకా. ఇంటర్వ్యూలకి వచ్చిన పిల్లలు, ఉద్యోగం పోయిన పిల్లలు, భర్తతో పడక వచ్చిన స్నేహితురాళ్ళు నా వంటింటి బల్ల దగ్గర మాట్లాడతారంటే, అది ఆవిడ చీపురు కర్ర పుణ్యమే.

మొన్న శనివారం టీ మరుగుతోంది. మా అమ్మాయి మాడిన రొట్టె అంచులు గీకుతోంది. దాని స్నేహితురాలు ఇంకా గుమ్మంలోనే నిలబడి ఫోన్ చూసుకుంటోంది. పరీక్షల ముందు ఏదో మాట పట్టింపు వచ్చి ఇద్దరూ నెల్లాళ్ళుగా మాట్లాడుకోవడం లేదనీ, పుస్తకం తిరిగి ఇవ్వడానికే ఆ పిల్ల వచ్చిందనీ నాకు తెలుసు. నేను మూడో కప్పు తీశాను.

"మమ్, షి సెడ్ నో," అంది మా అమ్మాయి గొంతు తగ్గించి, పళ్ళు బిగించి.

"విన్నానులే," అన్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆ పిల్లని రెండోసారి అడిగాను. అది నా వైపు చూసి, వంటింట్లో మా అమ్మాయి వీపు వైపు చూసి, తన వీపు మీది సంచీ దించి, బూట్లు విప్పుకుంటూ, "ఓకే ఆంటీ, కొంచెం," అంది.